గోడ దాటని చెట్టు

జూన్ 4

అక్క వెళ్ళిపోయింది. యాభై రెండో ఏట పెళ్ళి చేసుకుని, రెండు పెట్టెలూ కుట్టుమిషనూ వ్యానులో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం నాదే.

పెళ్ళికొడుకు కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయిందట. వేరే ఊరి నుంచి నెలకోసారి ఇటు వచ్చేవాడు. మా మిషను అంత తరచుగా ఎందుకు మొరాయించేదో ఇవాళ అర్థమైంది. మనిషి నెమ్మదస్తుడే. పైపళ్ళ సెట్టు మాత్రం ఎవరో హడావిడిగా చేసి అంటగట్టారు. మాట్లాడితే టకటకమంటోంది. ఇన్నేళ్ళుగా పళ్ళ సెట్లు చేసి బతుకుతున్నదాన్ని, ఆ చప్పుడు తప్ప ఆయన అన్న మాట ఒక్కటీ నా చెవికెక్కలేదు.

ఇల్లు విశాలంగా ఉంది. బాగుంది.

జూన్ 5

అన్నం ఇద్దరికి వండాను. అలవాటు.

జూన్ 9

అక్క ఫోను చేసింది. పనిలో ఉండి ఎత్తలేదు.

జూన్ 14

ఆదివారం. ఏం చెయ్యాలో తోచక పెరట్లో కుర్చీ వేసుకున్నాను. కూర్చున్నానో లేదో, వీపు మీద ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. లేచి లోపలికి వచ్చేశాను.

వెనక బిల్డింగు రాకముందు మా పెరడు మాదే. అయిదేళ్ళ కిందట అక్కడ మూడంతస్తులు లేచాయి. అంతస్తుకి రెండేసి కిటికీలు, అన్నీ మా గోడ మీంచి మా పెరట్లోకే. నేను బట్టలు ఆరెయ్యడం మానేశాను, అక్కే ఆరేసేది. అమ్మ మంచాన పడ్డ ఏడాది పలకరింపు పేరుతో వచ్చినవాళ్ళు ఎలా చూసేవారో నేను మరిచిపోలేదు. గిన్నెలు చూసేవారు, దుప్పట్లు చూసేవారు, పెళ్ళికాని మా ఇద్దర్నీ ఎగాదిగా చూసేవారు. అప్పట్నుంచీ పరాయి చూపు పడితే ఒంటి మీద చీమ పాకినట్టు ఉంటుంది నాకు.

"చెట్టు పెడదామే చిన్నీ, రెండేళ్ళలో కప్పేస్తుంది" అంది అక్క అప్పట్లో. ఇద్దరం కలిసి గుంట తీసి గోడవార పొగడ మొక్క నాటాం.

చెట్టుకి ఏ లోటూ లేదు. ఆకు నిగనిగలాడుతుంది. పురుగు లేదు, తెగులు లేదు. మొదలు నా పిడికిట్లో పట్టదు. పూలు కూడా పూస్తోంది. కానీ గోడ మీద జానెడు ఎత్తు వరకు వచ్చి అక్కడే ఆగిపోయింది. అడ్డంగా మాత్రం తిండిపుష్టి ఉన్న ఆసామిలా పెరుగుతోంది. ఎందుకిలా అని అడిగితే అక్క "దాని తీరే అంతేమో" అనేది, నా వైపు చూడకుండా దారం ఎక్కిస్తూ.

ఇప్పుడు ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇప్పుడైనా అది పెరగాలి.

జూన్ 18

ల్యాబులో ప్లాస్టర్ అచ్చులు పోసే ఆయన్ని అందరూ సుత్తి అంటారు. అచ్చులు పగలగొట్టడానికి చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉంటుంది, అదొక కారణం. అసలు కారణం ఆయన నోరు. ఇవాళ టీ తాగుతూ చెట్టు సంగతి ఆయన దగ్గర జారవిడిచాను.

"ఏం చెట్టండీ?"

"పొగడ."

"మరి రోజూ పొగుడుతున్నారా?"

మైనం గదిలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయన తన తోడల్లుడి ఇంట్లో ఎండిపోయిన నిమ్మచెట్టు గురించి, ఆ తోడల్లుడి మోకాళ్ళ గురించి, ఆ మోకాళ్ళకి రాసిన నూనె గురించి చెప్పుకుంటూ పోయాడు. టీ చల్లారిపోయింది. చివరికి, "అక్కగారు వెళ్ళాక ఒక్కరే అయిపోయారటగా, సాయంత్రం మా ఇంటికి రండి, మా ఆవిడ సంతోషిస్తుంది" అన్నాడు.

"పనుందండీ" అన్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చి అలమరలో కాగితాలు మార్చాను. అదీ పనే.

జూన్ 21

అక్క ఫోను. స్నానంలో ఉన్నాను.

జూన్ 27

నర్సరీకి వెళ్ళాను. అక్కడి ఆయన మొక్కలకి నీళ్ళు పెడుతూనే విన్నాడు. ఒక ఆకు కోసుకెళ్ళి చూపించాను. అటూ ఇటూ తిప్పి, "దీనికి జబ్బేమీ లేదమ్మా, నాకంటే ఆరోగ్యంగా ఉంది" అన్నాడు.

"మరి ఎందుకు పెరగదు?"

"నూరు కారణాలు. సంచీలో మొక్క ఎక్కువకాలం ఉండిపోతే వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోతాయి, నేలలో పెట్టినా ఆ చుట్టు విడదు. కింద రాయో పాత పునాదో ఉన్నా అంతే. నాలుగువైపులా ఎండ తగిలితే చెట్టుకి పైకి పోవాల్సిన అవసరం ఉండదు, పక్కకి పోతుంది. నీడలో ఉన్నదే వెలుతురు కోసం పాకుతుంది. కొన్ని కొమ్మ అంటు కట్టినవి, అవి పొట్టిగానే ఉంటాయి."

"మాది గింజ మొలక."

"అయితే తల ఎవరైనా తుంచుతున్నారేమో. చివర తుంచితే ఇక పక్కకే."

నవ్వొచ్చింది. "ఇంట్లో ఉన్నదే ఇద్దరమండీ" అన్నాను.

దారిలో గుర్తొచ్చింది, ఇద్దరం కాదు.

జులై 5

చెట్టు చుట్టూ తవ్వాను. రాయి లేదు, పునాది లేదు. వేళ్ళు చక్కగా నాలుగు దిక్కులా పోయాయి. నడుం పట్టేసింది. ఎముకల ఎరువు వేసి మట్టి కప్పాను. వెనక మొదటి అంతస్తు కిటికీ తెర కదిలినట్టు అనిపించింది. చూడలేదు.

జులై 11

అక్క ఫోను. ఎత్తలేదు. ఎత్తితే "తిన్నావా" అంటుంది. తిన్నానంటాను. దానికి ఫోనెందుకు.

జులై 23

ల్యాబులో అర్జెంటు పని. ఎవరిదో పూర్తి నోరు, పైవరుస, కిందవరుస. మాకు మనుషులు రారు, అచ్చులు వస్తాయి. పేరుండదు, నంబరుంటుంది. చిగుళ్ళ అచ్చు చేతిలోకి తీసుకుంటే ఆ మనిషి ఏ దవడతో నములుతాడో చెప్పగలను. ముఖం మాత్రం ఎప్పటికీ చూడను. నాకు సరిపోయిన పని అనుకునేదాన్ని. ఇవాళ మైనంలో పళ్ళు గుచ్చుతుంటే ఈ నోరు మొదట ఎవరితో మాట్లాడుతుందా అనిపించింది. ఎందుకనిపించిందో తెలియదు.

ఆగస్టు 9

పెరుగుతోంది.

చివర మూడు కొత్త రెమ్మలు, లేత ఆకులు రాగిరంగులో మెరుస్తూ, గోడ దాటి పైకి. స్టూలు వేసుకుని చెయ్యి పెట్టి చూశాను. నిజమే. అయిదేళ్ళు కదలనిది నేను ఒక్క నెల పట్టించుకునేసరికి కదిలింది. ఎముకల ఎరువే. తవ్వడం కూడా మంచిదైంది, వేళ్ళకి గాలి తగిలింది. అక్క ఎప్పుడూ ఇంట్లోనే ఉండి కూడా దాన్ని పట్టించుకోలేదని ఇప్పుడు తెలుస్తోంది.

నేనే అక్కకి ఫోను చేశాను. మొదటిసారి.

"చెట్టు పెరుగుతోంది" అన్నాను.

అవతల మిషను చప్పుడు ఆగింది. తర్వాత, "ఎంత పెరిగింది?" అంది.

"మూరెడు ఉంటుంది. ఇంకా పోతుంది."

"అలాగా" అంది. మళ్ళీ మిషను తొక్కుతూ, "మంచిదే" అంది.

అసూయ అనుకున్నాను. తను పెంచలేకపోయింది, నేను పెంచాను. పోనీలే పాపం.

ఆగస్టు 30

సుత్తికి చెప్పాను. "రోజూ పొగిడానండీ, ఫలించింది." ఆయన నవ్వి మళ్ళీ ఇంటికి పిలిచాడు. ఈసారి తలనొప్పి అన్నాను.

సెప్టెంబరు 13

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున తలుపు తట్టారు. ముప్పై అయిదేళ్ళ మనిషి, చెప్పులు గుమ్మం బయటే విడిచి నిలబడ్డాడు. "వెనక బిల్డింగులో మొదటి అంతస్తండీ. స్కూలు వ్యాను నడుపుతాను. మా అక్క పంపింది."

"ఏం కావాలి?"

"చెట్టు చివర్లు ఈసారి కొయ్యలేదు కదండీ. మీకు కుదరకపోతే నేను కోసిపెడతాను. పది నిమిషాల పని."

"కొయ్యడమేమిటి?"

ఆయన కొంచెం తడబడ్డాడు. "మీ అక్కగారు కోసేవారండీ. నెలకో రెణ్ణెల్లకో. మా అక్కకి కాళ్ళు లేవవు, మంచం మీదే ఉంటుంది. పడుకుంటే ఆ కిటికీలోంచి మీ పెరడొక్కటే కనిపిస్తుంది. చెట్టు పెరిగితే అదీ ఉండదని..."

"మా అక్క కొయ్యదు. ఆ చెట్టు పెరగాలని నాకంటే ఎక్కువ కోరుకున్నది మా అక్క."

ఆయన తల దించుకుని "అవునండీ" అన్నాడు. అబద్ధం చేతకానివాళ్ళు అవునండీ అనే తీరు ఒకటుంటుంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "మీ అక్కగారు రోజూ ఫోను చేస్తారండీ మా అక్కకి. మీరు ఎత్తడం లేదని. లైటు వెలిగిందా, బట్టలు తీసిందా, మనిషి తిరుగుతోందా అని అడుగుతారు. ఇప్పుడు ఆకులు అడ్డమొచ్చి మా అక్కకి చెప్పడానికేమీ లేకుండా పోయింది" అన్నాడు.

తలుపు వేసేశాను. మర్యాద కాదు. వేసేశాను.

స్టూలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. కొత్త రెమ్మల కింద ఆకులు తప్పించి చూస్తే అక్కడున్నాయి. కోతలు. పాతవి మానిపోయి కణుపుల్లా అయ్యాయి, వాటి పక్కన ఇంకొన్ని, అన్నీ ఒకే ఎత్తులో. చీలిక లేదు, పీకుడు లేదు. ఏటవాలుగా, నున్నగా. గుడ్డ కత్తిరించే చెయ్యి.

తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సాయంత్రం నేను వచ్చేసరికి పెరడు ఊడ్చి ఉండేది. "ఎందుకు పెరగట్లేదే?" అని నేనంటుంటే పక్కన నిలబడి తలెత్తి చెట్టుని చూసేది. నాతో పాటే ఆశ్చర్యపోయేది.

సెప్టెంబరు 14

అక్క ఫోను. ఎత్తలేదు.

సెప్టెంబరు 15

అక్క ఫోను. నాలుగుసార్లు. ఎదురుగా కూర్చునే ఎత్తలేదు.

సెప్టెంబరు 28

కొయ్యను. నా పెరడు, నా చెట్టు. ఎవరి కిటికీ వాళ్ళు చూసుకోవాలి.

అక్టోబరు 18

కప్పేసింది. కుర్చీ ఎక్కడ వేసుకున్నా మొదటి అంతస్తు కనబడదు. పైన రెండంతస్తులవాళ్ళూ పావురాల బెడద పడలేక కిటికీలకి చెక్కలు బిగించుకున్నారు, ఎప్పుడు బిగించుకున్నారో నేను గమనించనేలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెరట్లోనే ఉన్నాను. తల దువ్వుకోలేదు. పాత నైటీ. ఎవరూ చూడలేదు. హాయిగా ఉంది.

అక్టోబరు 25

పెరట్లో కూర్చున్నాను. హాయిగానే ఉంది.

నవంబరు 1

ఇవాళ కూర్చోలేదు.

నవంబరు 12

ల్యాబుకి ఫోను వచ్చింది, నాకు. నాకు ల్యాబుకి ఎవరూ చెయ్యరు. ఎత్తగానే టకటక వినిపించింది.

"నేనమ్మా, మీ... నేను." తనని నేను ఏమని పిలవాలో ఆయనకీ తెలియదు. "మీ అక్కకి పిత్తాశయంలో రాళ్ళు. ఇవాళ సాయంత్రం ఆపరేషను. మీకు చెప్పొద్దంది. చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు."

సుత్తి పక్కనే ఉన్నాడు. నా ముఖం చూసి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా చేతిలో మైనం ముద్ద తీసుకుని, నా బల్ల ఆయనే సర్దాడు.

నవంబరు 13

బస్సులో తెల్లవారింది. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో ఫ్లాస్కు. నా సంచీ అందుకున్నాడు. "బాగానే జరిగింది, నిద్రపోతోంది" అన్నాడు. మాసిన గడ్డం. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

వార్డులో ఆరు మంచాలు. కిటికీ పక్కన అక్క. సన్నబడింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, "చెప్పాడా" అంది.

"చెప్పాడు. టకటకలాడుతూ చెప్పాడు."

నవ్వబోయి కడుపు పట్టుకుంది. "నవ్వించకే. కుట్లు పిగులుతాయి."

"నువ్వు వేసుకునుంటే పిగిలేవి కావు."

ఆయన మందుల కోసం కిందికి వెళ్ళాడు. పక్క మంచం ముసలావిడ మావైపే తిరిగి పడుకుని వింటోంది. మామూలుగా అయితే నోరు విప్పేదాన్ని కాదు.

"చెట్టు ఎందుకు కోసేదానివి?"

అక్క కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. "నువ్వు పొద్దున పోతే చీకటికి వచ్చేదానివి" అంది. "రోజంతా నేను, మిషను. ఒకరోజు బట్టలు ఆరేస్తూ తలెత్తితే ఆవిడ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మర్నాడు కొత్త లంగా కుడుతుంటే గుమ్మంలోకి వచ్చి చూపించాను. బాగుందని సైగ చేసింది. తర్వాత ఫోను నంబరు అడిగాను. అంతేనే. దొంగతనమేం కాదు."

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేసేదానివి?"

ఆలోచించాను. "గోడ ఎత్తు చేయించేదాన్ని."

"చూశావా."

నర్సు వచ్చి సెలైను చూసి వెళ్ళింది. అడగకూడదనుకుంటూనే అడిగాను. "నేనున్నానుగా అక్కా. నేను చాలలేదా నీకు?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. నేను ఆశించిన జవాబు ఒకటుంది. అక్క ఎప్పుడూ నేను ఆశించిన జవాబే చెబుతుంది, చిన్నప్పట్నుంచీ.

"చాలలేదే చిన్నీ" అంది.

చెయ్యి వదల్లేదు. "నువ్వంటే నాకు ప్రాణం. అయినా చాలలేదు. ఎవరినీ గుమ్మం తొక్కనివ్వవు. పండులాంటి ఇల్లు, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినడం, పడుకోవడం. ఇంకొక గొంతు వినబడితే బాగుండునని నాకుండేది. నీకు ఉండేది కాదేమో."

పక్క మంచం ముసలావిడ అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం బస్సు ఎక్కించడానికి ఆయన వచ్చాడు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి, "పైపళ్ళ సెట్టు వదులుగా ఉంది బావగారూ. అచ్చు తీయించి పంపండి, నేను చేసి పంపిస్తాను" అన్నాను. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలూపాడు.

నవంబరు 14

చాలలేదే చిన్నీ.

నవంబరు 20

అక్కకి రోజూ ఫోను చేస్తున్నాను. తిన్నావా అని అడుగుతున్నాను. దానికి ఫోను ఎందుకో తెలిసింది.

నవంబరు 29

కిటికీ ఆవిడ దగ్గరికి వెళ్దామని బయల్దేరాను. వీధి చివరిదాకా వెళ్ళాను. కొట్లో అగ్గిపెట్టె కొనుక్కుని తిరిగి వచ్చేశాను. ఇంట్లో నాలుగు అగ్గిపెట్టెలున్నాయి.

డిసెంబరు 6

వెళ్ళాను.

మా పెరటి గోడకి ఆనుకునే ఉన్నా, వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి. మెట్లు ఎక్కుతుంటే పసుప్పచ్చ స్కూలు వ్యాను కింద కనిపించింది. తమ్ముడే తలుపు తీశాడు. ఆ రోజు నేను ముఖం మీద తలుపు వేసిన సంగతి ఇద్దరికీ గుర్తే. "రండి" అని పక్కకి తప్పుకున్నాడు.

నేను ముసలావిడని ఊహించుకున్నాను. నా వయసే. గోడకి దిండ్లు ఆన్చి కూర్చుని ఉంది. పొట్టి జుట్టు, పెద్ద కళ్ళద్దాలు. ప్రమాదంలో కాళ్ళు పడిపోకముందు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసిందట. గొంతు వినగానే నమ్మాను. "చిన్నీగారా" అంది, ఎక్కడికో లైను కలుపుతున్నట్టు.

మంచం పక్కనే ఆ కిటికీ. నిండా పొగడ ఆకులు. గదిలో పగలే ఆకుపచ్చటి మసక. అయిదేళ్ళు నేను కోరుకున్నది ఇటువైపు నుంచి ఇలా ఉంది. నేను నిలబడి మునివేళ్ళ మీద లేస్తే ఆకుల పైనుంచి మా పెరడు కనిపించింది. బట్టల తీగ, స్టూలు, రంగు పెచ్చులూడిన వెనక తలుపు. మా ఇల్లు అంత చిన్నదని నాకు తెలియదు.

సంచీలో కత్తెర తెచ్చాను. అప్పగింత పెట్టినట్టు బయటికి తీశాను. "ఎక్కడిదాకా కొయ్యాలో చెబితే కోస్తాను."

"కొయ్యకండి" అంది.

"మీ తమ్ముడు..."

"వాడు అడిగింది మీ అక్క కోసం. నాక్కూడా అప్పుడు మీ అక్క కబురే కావాలి. ఇప్పుడు మీరిద్దరూ రోజూ మాట్లాడుకుంటున్నారుగా, ఇక నేను కాపలా కాయడం ఎందుకు?" నవ్వింది. "ముందు గదిలో వీధి వైపు కిటికీ ఉంది. మంచం అక్కడ వేస్తానని వీడు మొదట్నుంచీ పోరుతున్నాడు. పగలంతా జనం, బళ్ళు. మీ అక్క ఇక్కడుంది కాబట్టి నేను కదల్లేదు."

నేను అడగాల్సింది అది కాదు, అయినా అడిగేశాను. "నన్ను చూసినప్పుడు... నేనేం చేస్తుండగా చూసేవారు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నిజం చెప్పనా? మిమ్మల్ని చూసింది తక్కువండీ. మీరు పెరట్లోకి వస్తేగా. వచ్చినా తల దించుకుని వచ్చి తల దించుకుని పోయేవారు. మీ అక్క అడుగుతుంది కాబట్టి, ఉన్నారా లేరా అని చూసేదాన్ని. మీ ముఖం ఎలా ఉంటుందో ఇవాళే చూస్తున్నాను."

అయిదేళ్ళు వీపు మీద మోశాను ఆ చూపుని. అక్కడ చూపే లేదు.

తమ్ముడు టీ తెచ్చాడు. చక్కెర ఎక్కువైంది. తాగాను. ఏం మాట్లాడాలో తెలియక, పళ్ళ సెట్లు ఎలా చేస్తారో చెప్పడం మొదలుపెట్టాను. మైనం, ప్లాస్టరు, చిగుళ్ళ రంగు, ముఖాలు లేని నోళ్ళు. మధ్యలో ఆపుదామనుకున్నాను. ఆవిడ "ఊఁ, తర్వాత?" అంది. సుత్తిలా మాట్లాడానేమో తెలియదు. కిందికి దిగేసరికి గొంతు బొంగురుపోయింది.

డిసెంబరు 10

సుత్తి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ ఆయనకంటే ఎక్కువ మాట్లాడుతుంది. తోడల్లుడు కూడా వచ్చాడు. మోకాళ్ళు ఇప్పుడు నయమట.

డిసెంబరు 13

మంచం మార్చడానికి సాయం వెళ్ళాను. తమ్ముడు తలవైపు, నేను కాళ్ళవైపు. గుమ్మం దగ్గర ఇరుక్కుంది. మంచం మీదున్న సామాన్లన్నీ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కుర్చీలోంచి "ఎడమకి, ఎడమకి, మీ ఎడమ కాదు వాడి ఎడమ" అని నడిపించింది. ముగ్గురం చెమటలు కక్కాం.

వెనక గది కిటికీ మూసేశారు. చలిగాలి వస్తుందని.

డిసెంబరు 20

ఆదివారం. మా పెరడు ఇప్పుడు ఎవరికీ కనబడదు. వెనక కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. ఇక చెట్టు పెరిగినా ఒకటే, పెరగకపోయినా ఒకటే. పెరుగుతూనే ఉంది.

అన్నం ఒక్కరికి వండాను. సరిగ్గా సరిపోయింది. తిని, గిన్నె కడిగి, కాసేపు కూర్చున్నాను. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. నేను లోపల ఉన్నానో లేదో అడిగేవాళ్ళు ఈ వీధిలో లేరు. ఇక నేను కనబడాలంటే నేనే వెళ్ళాలి. పోయినవారం ఆవిడ మళ్ళీ రమ్మనలేదు. నేనూ వస్తానని చెప్పలేదు. పిలవని పేరంటానికి పోవడం నాకు తెలియదు.

తాళం వేసి బయల్దేరాను. చేతిలో ఏమీ లేదు, చెప్పడానికి కారణమూ లేదు. కొట్టు దాటేశాను. ఇవాళ ఏమీ కొనలేదు. మలుపు తిరగ్గానే వీధి వైపు కిటికీ, అందులో ఆ కళ్ళద్దాలు. ఆవిడ నన్ను దూరం నుంచే చూసినట్టుంది. నేను తల దించుకోలేదు.

కిందికి వచ్చి నిలబడితే పైనుంచి ఆ ఎక్స్ఛేంజి గొంతు, వీధంతా వినబడేలా:

"తలుపు తీసే ఉంది."